బజ్జీ మిరప వ్యాజ్యం

మా వైపు ఊళ్ళలో వకీలు గడప తొక్కడానికి రెండే కారణాలు. ఒకటి గట్టు తగాదా, రెండోది మొగుడూ పెళ్ళాల తగాదా. మూడో పని మీద వెళ్ళామంటే ఎవరూ నమ్మరు. అందుకే తొంభైల చివర్లో ఒక కార్తీకమాసపు పొద్దున నేనూ మా చెల్లెలూ ఒక గోతాం సంచి పట్టుకుని గుంటూరు బస్సెక్కి, బ్రాడీపేటలో ఒక వకీలుగారి వరండాలో కూర్చుంటే, అక్కడున్న వాళ్ళంతా మమ్మల్ని విడాకుల బాపతు కిందే జమకట్టారు.

పక్కనే ఒకావిడ కూర్చుని ఉంది. కూతురి కాపరం వ్యవహారం మీద పొన్నూరు నుంచి వచ్చిందట. మా చెల్లెలి దగ్గరికి జరిగి, గుసగుసగా మొదలెట్టింది. గుసగుస అంటే వరండా అంతా వినబడేదే.

"బంగారం పుట్టింటికి చేర్చేశావా అమ్మా?"

"బంగారం ఏంటండి?"

"పిచ్చిదానా, ముందు చూసుకోవాల్సింది అదే. మీ ఆయన్ని చూస్తే మెత్తటోడిలాగే ఉన్నాడు. మెత్తటోళ్ళతోనే వస్తుందమ్మా చిక్కంతా."

ఆ మెత్తటోడిని నేను! నాకు ఒళ్ళు మండింది. "అమ్మా, నేను దాని అన్నని!" అన్నాను లేచి నిలబడి.

ఆవిడ ఏమాత్రం తొణకలేదు. "అదే చెబుతున్నా. ఆడపిల్లల కాపరాల్లో వేలు పెట్టేది అన్నలే."

మా చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కాయ దిగిన దగ్గర్నుంచీ అది నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

ఆ కాయ సంగతి చెప్పాలి. మా బావ లారీ డ్రైవరు. పత్తి బేళ్ళు వేసుకుని దేశం మీద తిరుగుతుంటాడు. సేద్యమంతా మా చెల్లెలిదే. ఒక పొన్నూరు ఆసామికి మా ఊళ్ళో రోడ్డు పక్కనే నల్లరేగడి చేను ఉంటే దాన్ని కౌలుకి చేసేది. ఏటా కౌలు మాట్లాడుకోవడానికి ఆసామి గొడుగేసుకుని వచ్చేవాడు. వచ్చి, "మీ ఆయన్ని పిలువమ్మా" అనేవాడు. మా బావకి మిరప నారుకీ వంగ నారుకీ తేడా తెలియదు. పాపం, పక్కన నిలబడి తల ఊపేవాడు. మాట్లాడేదల్లా చెల్లెలు. ఆసామి మాత్రం దాని మాటలకి జవాబులు మా బావ మొహం చూసి చెప్పేవాడు. అది చూసినప్పుడల్లా నాకు గొడుగు లాగి విరిచేద్దామనిపించేది.

ఆ ఏడు చెల్లెలు టౌన్లో ఒక కొట్టులో మిరప విత్తనం కొన్నది. సన్నగా, పొడుగ్గా, మంచి ఘాటుగా కాసే రకం అని చెప్పి ఇచ్చాడు కొట్టు యజమాని. బిల్లు అడిగితే, "ఏంటమ్మా, నమ్మకం లేదా?" అని తెల్లచీటీ మీద గీకి ఇచ్చాడు. మొక్క బాగా వచ్చింది. పూత బాగా వచ్చింది. తీరా కాయ దిగేసరికి అది బొటనవేలంత లావున, పాలిపోయిన ఆకుపచ్చ రంగులో, బొద్దుగా ఊరింది. చెల్లెలు ఒకటి కొరికి చూసింది. కారం లేదు. రెండోది కొరికింది. దానికీ లేదు. కళ్ళంలో ఎండబెడితే తొక్క తప్ప ఏమీ మిగలని సరుకు అది. గుంటూరు యార్డుకి ఆ కాయ తీసుకెళితే కొనడం సంగతి అటుంచి, చూసినవాడు పదిమందిని పిలిచి చూపిస్తాడు.

కొట్టు దగ్గరికి వెళ్ళి అడిగాం. యజమాని కుర్చీలోంచి లేవకుండా అన్నాడు:

"విత్తనం మంచిదేనమ్మా. ఆడదాని సేద్యం ఇట్టాగే ఉంటుంది. యూరియా కుమ్మేసుంటావు, కారం చచ్చిపోయింది."

కొట్టు ముందు నిలబడ్డ మగాళ్ళంతా పకపకా నవ్వారు. మేమెక్కిన బస్సుకంటే ముందే ఆ మాట మా ఊరు చేరింది. బస్సు దిగే చోట బజ్జీల బండి వాడొకడు ఉండేవాడు, వాడి నోటికి మూత లేదు. "అక్కా, గుంటూరు మిరప పండించమంటే బజ్జీల పంట పండించావేంటక్కా!" అని దిగీదిగగానే అందుకున్నాడు. వారం తిరక్కముందే పొన్నూరు ఆసామి దగ్గర్నుంచి కబురు: వచ్చే ఏటి కౌలు సంగతి ఆలోచించాలన్నాడట.

పోయిన పంట కన్నా ఆ మాటే కాల్చింది దాన్ని. వానకి పోయిందంటే జనం అయ్యో అంటారు, పురుగుకి పోయిందంటే మా చేనూ పోయిందంటారు. సేద్యం రాక పోయిందనిపించుకుంటే రేపు దానికి చేను ఇచ్చేదెవరు?

నేను బళ్ళో చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలో, చినిగిన పత్రికల్లో, పొట్లాలు విప్పిన కాగితాల్లో చదువుకున్నదే. కొన్నవాడికి అన్యాయం జరిగితే అడగడానికి ఒక చట్టం ఉందని అలాగే చదివాను. ఊళ్ళో ఒకరిద్దరి దగ్గర ఆ మాటెత్తితే, "ఫ్యాన్లకీ మిక్సీలకీ అయితే ఉంటుందేమో గానీ విత్తనానికి ఎక్కడి చట్టం పెద్దాయనా" అన్నారు. చదవరు, చదివినవాడు చెబితే వినరు! ఆ మంట మీదే చెల్లెల్ని బయలుదేరదీసి ఈ వరండాలో కూర్చోబెట్టాను.

మా వంతు వచ్చి లోపలికి వెళ్ళాం. వకీలుగారు పెద్దాయన, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఉన్నారు. తలెత్తకుండానే కాగితం ముందుకి లాక్కుని, "ఎన్నాళ్ళ నుంచి విడిగా ఉంటున్నారు?" అన్నారు.

మా చెల్లెలు సంచి మూతి విప్పి, ఉన్న కాయలన్నీ ఆయన బల్ల మీద కుమ్మరించింది.

"ఏంటమ్మా ఇది? బజ్జీలకా?"

"మిరపకాయలండి. ఎండుమిరపకి వేసిన విత్తనం ఇట్టా కాసిందండి."

ఆయన కళ్ళజోడు కిందకి దించారు. ఒక కాయ తీసుకుని సగానికి కొరికి, నెమ్మదిగా నమిలి, మంట కోసం ఎదురు చూస్తూ కూర్చున్నారు. మేమూ ఎదురు చూశాం. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"ఏమీ లేదే!" అన్నారు చివరికి.

"అదేనండి కేసు," అంది చెల్లెలు.

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. పొద్దుట్నుంచీ కాపరాలు విడగొట్టి విడగొట్టి విసిగిపోయారేమో, మొహంలోకి వెలుగొచ్చింది. నేను దాని అన్నననీ, చట్టం సంగతి పత్రికల్లో చదివాననీ గడగడా చెప్పేశాను. వినియోగదారుల ఫోరం ఉందనీ, దానికి వకీలు కూడా అక్కర్లేదనీ, తెల్లకాగితం మీద రాసిచ్చి మన మాట మనమే చెప్పుకోవచ్చనీ చెప్పారు. "మీ అన్నగారికి నోరు ఉన్నట్టే ఉంది," అన్నారు.

"అదొక్కటే ఉందండి," అంది చెల్లెలు.

"అయితే రెండు సంగతులు గుర్తుంచుకోండి. వ్యవసాయాధికారి వచ్చి కళ్ళారా చూసి రాసేదాకా చేలో మొక్క కదలకూడదు. ఆ చేనే మీ సాక్షి. ఇంకోటి, ఫిర్యాదు పడేదాకా ఊళ్ళో పెదవి విప్పొద్దు. కొట్టువాడికి తెలిసిందా, మనుషుల్ని పంపి రాత్రికి రాత్రి పీకించేస్తాడు."

"నన్ను నలుగుర్లో తలదించుకునేట్టు చేసిన పంటకి నేను కలుపు తియ్యాలాండి?"

"తియ్యాలమ్మా. సాక్షిని బాగా చూసుకోవాలి."

ఫీజు ఎంతండీ అంటే చెయ్యి అడ్డంగా ఊపి, కాయలు మాత్రం అక్కడే వదిలేసి వెళ్ళమన్నారు.

అక్కడ్నుంచి మొదలయింది అసలు నరకం. మా రేగడి నేలల్లో చెడ్డ పంటని ఎవరూ చేలో ఉంచరు. నేలలో తడి పదును ఉండగానే పీకి గట్టున పడేసి, శనగ చల్లుకుంటారు. ఎవరి పంట చెడినా చుట్టుపక్కల చేల వాళ్ళే ముందు తొందరపెడతారు. మా చెల్లెలేమో ఆ బొద్దుకాయల చేలో గొడ్డుచాకిరీ చేస్తోంది, పాదులు సరిచేస్తోంది, కలుపు తీస్తోంది. రోడ్డు మీద బస్సు వెళ్ళినప్పుడల్లా కిటికీల్లోంచి తలకాయలు బయటికొస్తున్నాయి. గట్టు పక్క చేను ఆవిడ, చెల్లెలికి వరసకి వదిన, రోజూ పొద్దున్నే వచ్చి మొత్తుకునేది.

"వదినా, పదును ఆరిపోతోంది. పీకెయ్."

"ఉండనీ వదినా."

"ఉంచి ఏం చేస్తావు, అత్తరు తీస్తావా?"

చెల్లెలు తల వంచుకుని కలుపు తీసుకుంటూ పోయేది. దిగులుతో దీనికి మతి చెదిరిందని ఆడవాళ్ళంతా తీర్మానించుకున్నారు.

ఫిర్యాదు రాయడానికి నాకు వారం పట్టింది. రాసింది చదివి నాకే రోషం పుట్టేట్టు రాశాను. మళ్ళీ ఇద్దరం గుంటూరు వెళ్ళి, ఫోరంలో ఇచ్చి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చాం. దారి పొడుగునా నేను చట్టం చెబుతూనే ఉన్నాను, అది ఊఁ కొడుతూనే ఉంది. బస్సు దిగగానే ఆకలేసి బండి దగ్గర బజ్జీలు తీసుకున్నాను. ఒకటి నోట్లో పెట్టుకుని, "అమ్మాయ్, నువ్వూ తిను, వీడి చెయ్యి ఈ మధ్య తిరిగింది," అంటూ వెనక్కి చూస్తే చెల్లెలు లేదు. రోడ్డు మధ్యలో నిలబడి చేను వంక చూస్తోంది.

చేను లేదు. నల్లటి నేల ఉంది.

గట్టు మీద మిరప మొక్కలు కుప్పలు పోసి ఉన్నాయి. ఆ కుప్పల పక్కన గట్టు పక్క వదిన, ఇంకా చుట్టుపక్కల చేల ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని, మట్టి చేతులతో మొహాలు తుడుచుకుంటూ మావైపు చూసి నవ్వుతున్నారు. మా ఊళ్ళో బదులు అని ఒక పద్ధతి ఉంది. కూలి లేకుండా నా చేలో నువ్వు పని చేస్తే, నీ చేలో నేను వచ్చి చేస్తాను. కష్టంలో ఉన్నవాళ్ళకి పిలవకుండానే వస్తారు.

"చూశావా వదినా!" అంది గట్టు పక్కావిడ. "నీకు చేతులు రావని మేమే వచ్చి పీకేశాం. పొద్దున్నే శనగ చల్లేసుకో. బదులు మెల్లిగా తీర్చుకుందువుగాని!"

కొట్టువాడు మనుషుల్ని పంపుతాడని భయపడ్డాం. మా మనుషులే, అదీ ప్రేమతో, సాక్షిని వేళ్ళతో సహా పీకి గట్టున పెట్టారు! చెల్లెలు ఉన్నచోటే కూలబడిపోయింది. నేను మాత్రం ఊరుకున్నానా? "ఎవరు పీకమన్నారే మిమ్మల్ని! చేనే మా సాక్షి! సాక్షిని చంపేశారు!" అని చట్టం మొత్తం గట్టు మీదే చెప్పేశాను. వాళ్ళ మొహాలు పాలిపోయాయి. అందరిలోకీ పెద్దావిడ ఒకామె గొంతు సవరించుకుంది.

"పోనీ, మళ్ళీ నాటేద్దామా?"

అనడమే తడవు, ఇద్దరు లేచి కుప్పలోంచి మొక్కలు లాగి నేలలో గుచ్చడం మొదలుపెట్టారు. గుచ్చిన మొక్క గుచ్చినట్టే తల వాల్చేస్తోంది.

"ఆపండి!" అని అరిచాను. "దొంగసాక్ష్యం కింద ఊరు ఊరంతా జైల్లో పడతాం!"

"ఆఫీసరు దూరం నుంచి చూసి పోతాడేమోలే పెద్దాయనా."

"ఆఫీసరేమన్నా పెళ్ళిచూపులకొస్తున్నాడా దూరం నుంచి చూసిపోవడానికి!"

ఆ మాటకి మా చెల్లెలికి ఏడుపులో నవ్వొచ్చింది. లేచి, కొంగు దులుపుకుని, "బదులుకి వచ్చినవాళ్ళని ఉత్తినే పంపకూడదు, టీ పెట్టుకొస్తా ఉండండి," అంది. దాని మొహం చూసి నేను పక్కకి తిరిగాను.

అప్పుడు వచ్చాడు బజ్జీల బండి వాడు. రావడం కూడా తిన్నగా రాలేదు. తల గోక్కుంటూ, ఒక అడుగు ముందుకీ ఒకటి వెనక్కీ వేస్తూ వచ్చాడు.

"అక్కా, తిట్టనంటే ఒక మాట చెప్తా."

"చెప్పు."

"డొంక వైపు ఆముదం చెట్లు ఉన్నాయిగా, వాటి వెనకాల రెండు సాళ్ళు ఉన్నాయి. పీకలేదు."

"ఎందుకు పీకలేదు?" అన్నాను నేను.

గట్టు పక్కావిడ అందుకుంది. "వీడేగా! పొద్దున మేం పీకుతుంటే లగెత్తుకుంటూ వచ్చి, ఆ రెండు సాళ్ళు నాకు వదిలెయ్యండి అని ఒకటే బతిమాలాడు. సరే పోనీలే అని వదిలేశాం."

"నా చేలో సాళ్ళు నీకెందుకురా?" అంది చెల్లెలు.

వాడు నేల చూపులు చూశాడు. నేను నా చేతిలో ఉన్న బజ్జీ వంక చూశాను. సగం కొరికిన బజ్జీలోంచి, పాలిపోయిన ఆకుపచ్చ రంగులో, బొద్దుగా, మా కాయ నన్ను చూస్తోంది.

"ఒరేయ్!" అంది చెల్లెలు. "పొద్దస్తమానం నన్ను ఎగతాళి చేసి, నా కాయలే శనగపిండిలో ముంచుతున్నావురా?"

"అవి బాగున్నాయక్కా!" అన్నాడు వాడు ఏడుపు మొహంతో. "బజారు కాయలు అంత మెత్తగా వేగవు."

అందరం డొంక వైపు పరుగెత్తాం. ఆముదం చెట్ల చాటున రెండు సాళ్ళు, కాయల బరువుకి వంగి, పచ్చగా నిలబడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ చేనుని శత్రువుని చూసినట్టు చూసిన మా చెల్లెలు, వంగి ఒక మొక్క మొదట్లో మట్టి సర్దింది. తర్వాత వాడి వైపు తిరిగింది.

"ఆఫీసరు వచ్చి పోయేదాకా కాపలా నువ్వే. ఒక్క కాయ తగ్గినా నీ బండి సాగర్ కాలవలో తేలుద్ది."

వాడు కాపలా కాశాడు. బండికి బజారు కాయలే కొన్నాడు. తిన్నవాళ్ళు ముక్కులు తుడుచుకుంటూ వాణ్ణి తిడుతుంటే, "కొన్నాళ్ళు ఓర్చుకోండి, కోర్టు పని ఉంది," అనేవాడు.

వ్యవసాయాధికారిని రప్పించడానికి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి. వచ్చాక మాత్రం ఓపిగ్గా చూశాడాయన. సాళ్ళు చూశాడు, కాయ కోసి చూశాడు, గట్టు మీద ఎండిన కుప్పలు విప్పి అందులో కాయలూ చూశాడు. నారు ఎప్పుడు పోశారు, ఎరువు ఎంత వేశారు, మందు ఎప్పుడు కొట్టారు అని ప్రశ్న ప్రశ్నకీ నా మొహం చూస్తున్నాడు.

"నన్ను చూస్తే ఏముందండి? సేద్యం దానిది. దాన్ని అడగండి," అన్నాను.

అడిగాడు. చెల్లెలు టకటకా చెప్పుకుంటూ పోయింది. తర్వాత ఆయన నా వైపు చూడలేదు.

ఫోరంలో వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఒకసారి వాళ్ళ వకీలు రాలేదు, ఒకసారి సభ్యులు రాలేదు, ఒకసారి అందరూ వచ్చారు కరెంటు రాలేదు. నా రక్తపోటు అప్పుడు మొదలయిందే. చివరికి విచారణ రోజు వచ్చింది. కొట్టు యజమాని తరఫు వకీలు నల్లకోటు సర్దుకుని, సాగులో అవగాహన లేక యూరియా విపరీతంగా వాడటం వల్లే ఇలా జరిగిందన్నాడు. నేను లేచాను.

"అయ్యా, యూరియా ఎక్కువేస్తే మల్లెతీగకి గుమ్మడికాయ కాస్తుందా?"

అధ్యక్షులవారు నవ్వు ఆపుకుని నన్ను కూర్చోమన్నారు. తర్వాత మా సాక్షిగా బజ్జీల బండి వాడు నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని పెళ్ళికొడుకులా వచ్చాడు.

"నువ్వు వ్యవసాయ శాస్త్రం చదివావా?" అన్నాడు నల్లకోటు.

"లేదండి. బజ్జీలండి."

"మరి ఇది బజ్జీ మిరప అని ఎలా చెబుతావు?"

"ఎండుమిరప జాతి కాయ వేస్తే జనం మంచినీళ్ళు అడుగుతారండి. ఇవి వేసినన్నాళ్ళూ ఇంకో ప్లేటు అడిగారు."

గదంతా నవ్వింది. నల్లకోటు వదల్లేదు. "ఆ కాయలు ఎక్కడ కొన్నావు?"

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మా చెల్లెలి వైపు చూశాడు. "ఆ చేలోవేనండి," అన్నాడు మెల్లిగా. "కొనలేదు."

చెల్లెలు లేచి నిలబడింది. "ఆ సంగతి మేమూ మేమూ చూసుకుంటాం లెండి," అంది అధ్యక్షులవారితో. వాడు ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది.

తీర్పు వేసవి దాటాక చేతికొచ్చింది. ఇంగ్లీషులో ఉంది. రెండు రోజులు నిఘంటువు పక్కన పెట్టుకుని కుస్తీ పట్టి, మూడో నాడు సాయంత్రం బజ్జీల బండి దగ్గర నిలబడి తెలుగులో చదివాను. ఊరంతా చేరింది. కొట్టు యజమాని నష్టం కట్టివ్వాలి అన్నచోట ఈలలు వేశారు. చెల్లెలు మాత్రం చెయ్యెత్తింది.

"అది సరే అన్నయ్యా. సేద్యం గురించి ఏమన్నా రాశారా?"

కాగితాలు తిప్పాను. "రాశారు. సాగు పద్ధతుల్లో రైతు లోపమేమీ కనబడలేదు. విత్తనమే వేరు."

"రైతంటే?"

"నువ్వే."

"బావ పేరు వెయ్యలేదా?"

"ఎక్కడా లేదు."

అది నా చేతిలో కాగితం వంకే చూస్తోంది. గట్టు పక్క వదిన మోచేత్తో పొడిస్తే తేరుకుని, "ఆ ముక్క మళ్ళీ చదువు అన్నయ్యా," అంది. చదివాను. ఈసారి బజ్జీల వాడు పొయ్యి మంట తగ్గించి మరీ విన్నాడు.

తర్వాతి ఏడు విత్తనాలు కొనేటప్పుడు మా ఊరి మగాళ్ళు చెల్లెలి వెనకాలే కొట్టుకి వెళ్ళారు. అది బిల్లు అడగ్గానే వెనకనుంచి, "మాకూ, మాకూ" అని కేకలు.

పొన్నూరు ఆసామి అంతకుముందే వచ్చి వెళ్ళాడు. ఆ రోజు మా బావ ఇంట్లోనే ఉన్నాడు. గొడుగు కనబడగానే అలవాటు కొద్దీ మంచం మీద నుంచి లేచి, లుంగీ సర్దుకుని, తల ఊపడానికి సిద్ధంగా నిలబడ్డాడు. ఆసామి ఆయన పక్కనుంచి నడిచి, దొడ్లో గిన్నెలు కడుగుతున్న చెల్లెలి దగ్గరికి వెళ్ళాడు. గొడుగు ముడిచాడు.

"ఈ ఏడు ఏం వేద్దామనుకుంటున్నావమ్మా?"

చెల్లెలు చేతులు కడుక్కుని నిదానంగా లేచింది. "మిరపేనండి. డొంక వైపు రెండు సాళ్ళు మాత్రం బజ్జీ మిరప."

మా బావ వెనకాల నిలబడి తల ఊపాడు.